సినిమా కాలేజీ, రేపల్లె బండి

పోయిన ఆదివారం మధ్యాహ్నం టీవీలో 'హ్యాపీ డేస్' వస్తోంది. నేను గోంగూర గిల్లుతూ కూచున్నాను. మా మనవరాలు సోఫాలో కాళ్ళు ముడుచుకుని, ఒక కన్ను సెల్‌ఫోను మీదా ఒక కన్ను సినిమా మీదా పెట్టి చూస్తోంది. పిల్లలంతా క్యాంటీన్లో చేరి నవ్వుకునే సీను వచ్చింది. ఉన్నట్టుండి, "అమ్మమ్మా, మీ కాలేజీ కూడా ఇలాగే ఉండేదా?" అంది.

"మా కాలేజీకి క్యాంటీను ఉండేదో లేదో కూడా నాకు జ్ఞాపకం లేదే" అన్నాను.

అది పకపకా నవ్వింది. నేనేమీ హాస్యానికి అనలేదు. క్యాంటీను ఉండే ఉంటుంది. అందులో కూచోడానికి నాకు టైమెక్కడ ఏడిచింది?

మాది నగరం. పట్నం అనుకునేరు, కాదు. రేపల్లె పక్కనున్న ఊరి పేరే నగరం. 2022 నుంచి బాపట్ల జిల్లాలో ఉంది. అప్పట్లో గుంటూరు జిల్లా. 1977లో ఇంటరు పాసై, డిగ్రీ చదువుతానంటే మా నాన్నగారు రెండు షరతులు పెట్టారు. ఆడపిల్లల కాలేజీ అయితేనే చేరాలి. దీపాలు పెట్టే వేళకి ఇంట్లో ఉండాలి. మొదటి షరతు నెగ్గాలంటే తెనాలి వెళ్ళాలి. తెనాలి వెళితే రెండోది కుదరదు. నేను ఏడుపు మొహం పెట్టుకు కూచుంటే మా అమ్మ వంటింట్లోంచే, "దానికేముందండీ, దీపాలు కాస్త ఆలస్యంగా పెడతాను" అంది. నాన్నగారు ఏమనుకున్నారో గానీ కాదనలేదు. మూడేళ్ళపాటు మా ఇంట్లో దీపాలు ఊరందరికంటే ఆలస్యంగా వెలిగాయి. నా డిగ్రీ అలా వచ్చిందే.

పొద్దున్నే బస్సులో రేపల్లె, అక్కణ్ణించి రైలు. పల్లికోన, భట్టిప్రోలు, పెనుమర్రు, వేమూరు, జంపని, చినరావూరు, ఆ పైన తెనాలి. ఒక్కో స్టేషన్లో ఇద్దరు ముగ్గురు ఆడపిల్లలు ఎక్కేవారు. తెనాలి చేరేసరికి మా పెట్టె క్లాసురూములాగే ఉండేది. నిజం చెప్పొద్దూ, నేను చదివిందంతా ఆ పెట్టెలోనే. జువాలజీ పైకి అప్పజెప్పుకోవడం, కెమిస్ట్రీ లెక్కలు ఒకళ్ళవి ఒకళ్ళు దించుకోవడం, క్యారేజీల్లో కూరలు మార్చుకోవడం. మాలో ఒకే ఒక అమ్మాయి వాళ్ళింట్లో వారపత్రిక కొనేవారు. ఆమె భట్టిప్రోల్లో ఎక్కేది. తెనాలి వచ్చేలోపల ఆ వారం సీరియల్ ఆరుగురం చదివెయ్యాలి. చివరిదానికి ఎప్పుడూ ఒక పేజీ మిగిలిపోయేది. ఆ చివరిదాన్ని చాలాసార్లు నేనే.

ఇవన్నీ ఎందుకు చెప్తున్నానంటే, అరవై దాటిన ఈ వయసుకి నేను చూసిన కాలేజీ సినిమాలూ, చదివిన కాలేజీ నవలలూ తక్కువేమీ కాదు. వాటి మీద నాకో ఫిర్యాదు ఉంది.

మా రోజుల్లో సినిమా హీరో నలభై దాటాక కూడా బి.ఏ. ఫస్టుక్లాసులో పాసై, "అమ్మా" అంటూ పరిగెత్తుకొచ్చేవాడు. అమ్మగా వేసినావిడ ఆయనకంటే చిన్నగా కనపడేది. కాలేజీ అంటే హీరోయిన్ చేతిలో పుస్తకాలు కిందపడటం, హీరో ఏరివ్వడం. ఆ పుస్తకాలు ఏ సబ్జెక్టువో నాకెప్పుడూ తెలియలేదు. తర్వాత 1989లో 'శివ' వచ్చింది. అప్పణ్ణించీ కాలేజీ అంటే యూనియన్ ఎన్నికలు, సైకిలు చైను. 1996లో 'ప్రేమదేశం' వచ్చాక కాలేజీ అంటే పాటలూ, మంచి మంచి చొక్కాలూను. ఈ వరసలో 2007లో వచ్చిన శేఖర్ కమ్ముల 'హ్యాపీ డేస్' నయమే అని నేను ఒప్పుకుంటాను. కొత్త మొహాలు, వయసుకి తగ్గ పిల్లలు. వాళ్ళ అలకలు చిన్న చిన్నవి, నిజం అలకల్లాగే ఉంటాయి. విలన్ అంటూ ఒకడు లేకపోయినా కథ నడుస్తుందని చూపించినందుకు ఆ దర్శకుడికి నమస్కారం పెట్టాలి.

కానీ అందులో కూడా ర్యాగింగు స్నేహాలకి మొదటి మెట్టులా వస్తుంది. సీనియర్లు ఏడిపిస్తారు, తర్వాత వాళ్ళతోనే ప్రేమలూ నడుస్తాయి. ఆ సినిమా వచ్చేనాటికి పదేళ్ళ ముందే, 1997లో, మన రాష్ట్రంలో ర్యాగింగుని నిషేధిస్తూ చట్టం వచ్చింది. 2015 జూలైలో నాగార్జున విశ్వవిద్యాలయంలో ఆర్కిటెక్చర్ మొదటి సంవత్సరం చదువుతున్న అమ్మాయి హాస్టల్లో ప్రాణం తీసుకుంది. ఆ క్యాంపసు తెనాలికి దూరమేమీ కాదు. ఆ వారమంతా మా వీధిలో ఆడపిల్లల్ని హాస్టళ్ళలో పెట్టిన తల్లులెవరికీ అన్నం సయించలేదు. ఆ తర్వాత ర్యాగింగు సీను ఎక్కడొచ్చినా నాకు నవ్వు రావడం మానేసింది.

నా అసలు ఫిర్యాదు అది కూడా కాదు. ఈ కథల్లో ఎవరికీ ఇంటికి వెళ్ళే తొందర ఉండదు. ఫీజు కట్టడానికి ఆఖరు తేదీ ఉండదు.

ఈ మాటే మనవరాలితో అంటే, "సినిమా రెండున్నర గంటలే అమ్మమ్మా. అందులో నీ రేపల్లె బస్సు కూడా చూపించమంటావా?" అంది.

చూపిస్తే ఏం పోయింది? ఒకరోజు సాయంత్రం రేపల్లెలో మా బస్సు చెడిపోయింది. ఇంకో బస్సు దొరికి నగరం చేరేసరికి బాగా చీకటి పడింది. స్టాండు దగ్గర మా నాన్నగారు లాంతరు పట్టుకు నిలబడి ఉన్నారు. ఒక్క మాట అన్లేదు. ఇంటిదాకా ముందు లాంతరు, వెనకాల నేను. మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నాలుగో రోజు పొద్దున బస్సు టిక్కెట్టుకి చిల్లర చేతిలో పెట్టారు. ఆ మూడు రోజులూ నా చదువు ఉందో పోయిందో నాకు తెలీదు. ఏ సినిమా క్లైమాక్సులోనూ నా గుండె అలా కొట్టుకోలేదు.

నవలలు కొంత మేలు. పెళ్ళయ్యాక ఒకసారి అద్దె పుస్తకాల షాపుకి సులోచనారాణి నవల కోసం వెళితే అది వేరేవాళ్ళు పట్టుకుపోయారు. షాపతను, "ఇది చూడండమ్మా" అని నవీన్ 'అంపశయ్య' ఇచ్చాడు. 1969లో అచ్చయిన నవల. ఉస్మానియా హాస్టల్లో ఉండే రవి అనే కుర్రాడి ఒక్క రోజు. పొద్దున లేచిన దగ్గర్నించీ వాడి బుర్రలో ఏవేం తిరుగుతాయో అవే కథ. మొదటి యాభై పేజీలూ విసుక్కుంటూ చదివాను. తర్వాత దించలేదు. పల్లెటూరి బీద ఇంటినించి వచ్చినవాడి జేబులో డబ్బు లేకపోతే లైబ్రరీ, క్లాసు, స్నేహితులు, అమ్మాయిలు, పరీక్షలు, అన్నిటి రంగూ ఎలా మారిపోతుందో అందులో ఉంది. ఆ పుస్తకం పేరే రచయితకి ఇంటిపేరైపోయింది, ఊరికే కాదు. ఒక్క లోటు చెప్పాలంటే, అందులో ఆడపిల్లలు రవి చూపు పడ్డంతమేరకే ఉంటారు. వాళ్ళు ఏ బస్సెక్కి వచ్చారో, సాయంత్రం ఎవరు లాంతరు పట్టుకు నిలబడతారో రవికి తెలీదు. అది వాడి తప్పు కాదు లెండి. వాడి కష్టాలు వాడివి.

ఇక కొడవటిగంటి కుటుంబరావుగారిది తెనాలే. 1909లో పుట్టారు. ఆయన 'చదువు' నవల్లో సుందరాన్ని చిన్నతనం నించి పట్టుకుని, పెద్ద చదువుల దాకా తీసుకెళ్ళారు. మొదటి ప్రపంచయుద్ధం, జాతీయోద్యమం, ఆర్థికమాంద్యం అన్నీ ఆ పిల్లాడి పుస్తకాల సంచీ మీదుగానే వెళ్తాయి. చదువు గొప్పదని గానీ పనికిరానిదని గానీ ఆయన ఎక్కడా ఉపన్యాసం ఇవ్వరు. ఇంట్లోవాళ్ళకి దానికెంత పడిందో, చివరికి ఏం చేతికొచ్చిందో చూపించి ఊరుకుంటారు. మా అమ్మ ఆ నవల చదివి ఉంటే సుందరం తల్లి పక్కన పీట వేసుకు కూచునేది.

ఇంత మంచి పుస్తకాల్లో కూడా నాకు దొరకని మనిషి ఒకరున్నారు. మధ్యలో ఆగిపోయిన అమ్మాయి. కాలేజీ కథలన్నీ ఆఖరి ఏడాది గ్రూపు ఫోటోలో ఉన్నవాళ్ళ కథలే. ఫోటో నాటికి లేని పిల్ల ఏమైందో ఎవరూ అడగరు.

మొదటి సంవత్సరం బాటనీ ల్యాబులో నా పక్కన కూచునే అమ్మాయిది నిజాంపట్నం వైపు ఊరు. నాకంటే రెండు గంటలు ముందు లేచేది. బొమ్మలు వెయ్యడంలో దాని తర్వాతే ఎవరైనా. నా బొమ్మలు చూస్తే లెక్చరరుగారు, "ఇది ఏ మొక్కమ్మా?" అని అడిగేవారు. అంచేత ఒక శుక్రవారం సాయంత్రం దాని రికార్డు అడిగి తెచ్చుకున్నాను, చూసి వేసుకుందామని. మర్నాడు శనివారం. 1977 నవంబరు 19.

ఆ తేదీ మా వైపు ఎవరికీ చెప్పక్కర్లేదు. దివిసీమలో సముద్రం ఊళ్ళ మీదికి వచ్చేసింది. పదివేలమందికి పైగా పోయారు. కృష్ణకి ఈవలి ఒడ్డున రేపల్లె, నిజాంపట్నం, బాపట్ల వైపు కూడా చెట్లూ ఇళ్ళూ పడిపోయాయి. కోతకొచ్చిన వరి నీళ్ళలో కుళ్ళింది. మా పెంకులు సగం ఎగిరిపోయాయి. దారులు బాగయి మళ్ళీ నేను రైలెక్కేసరికి చాలా రోజులు పట్టింది. ల్యాబులో నా పక్క స్టూలు ఖాళీ.

మనుషులు బతికే ఉన్నారని తర్వాత తెలిసింది. ఇల్లు లేదు, గొడ్లు లేవు, పంట లేదు. వాళ్ళ నాన్న రేపల్లెలో మా నాన్నగారికి కనపడి, "ఈ యేటికి మానిపించామండీ" అన్నాడట. ఈ యేటికి అనే అన్నాడు. పై ఏడు వేసవిలో పెళ్ళి చేసేశారు. వాళ్ళ అన్నయ్య చదువు మాత్రం ఆగలేదు, గుంటూరులో ఎవరో బంధువులింట్లో ఉండి పూర్తి చేశాడు. తప్పు పట్టడానికి నాకు నోరు రాదు. ఒక్కరికే సరిపోయే డబ్బు మిగిలినప్పుడు మా ఇంట్లోనైనా ఏం జరిగేదో నాకు తెలుసు. మాకు తమ్ముడు లేకపోవడం నా అదృష్టం అని అప్పుడప్పుడూ అనిపిస్తుంది. ఈ మాట మా అమ్మ బతికుండగా అని ఉంటే చెంప పగలగొట్టేది.

సినిమా అయిపోయింది. మనవరాలు టీవీ కట్టేసి, "మాది కూడా ఇలా ఏం లేదులే అమ్మమ్మా" అంది. ఇది ఇంజనీరింగ్ రెండో సంవత్సరం. డెబ్భైఅయిదు శాతం హాజరు, ఇంటర్నల్స్, బ్యాక్‌లాగులు, ఫీజు కట్టారా అని మెసేజీలు, హాస్టల్ గేటు టైము. "క్యాంటీన్లో కూచుంటాం గానీ, రికార్డులు రాసుకుంటూ" అంది.

రికార్డు అనగానే లేచి వెళ్ళి పాత ట్రంకుపెట్టె తీశాను. తిరిగి ఇద్దామని రెండుమూడుసార్లు బయల్దేరాను అని చెప్తే అబద్ధం. ఇవ్వడానికి వెళితే, "ఇంక నాకెందుకే" అంటుందేమోనని భయం. అలా నలభై ఏళ్ళు దాటిపోయాయి. అట్ట మీద పేరు చెదలు తినేసింది. లోపల కాయితాలు పసుప్పచ్చగా అయ్యాయి గానీ పెన్సిలు గీత చెరగలేదు.

మనవరాలు ఒక్కో పేజీ తిప్పి చూసింది. స్పైరోగైరా బొమ్మ దగ్గర ఆగింది. గొట్టం లోపల రిబ్బను చుట్టినట్టు ఎంత పొందిగ్గా వేసిందో.

"ఇంత బాగా వేస్తే మార్కులు వెయ్యలేదేం అమ్మమ్మా? సంతకం కూడా లేదు."

"సోమవారం పెట్టించుకుందామనుకుంది" అన్నాను.