‘పరస్పర వివర్జిత’ శబ్దవిమర్శనము

ఆంగ్లమునందలి ‘మ్యూచువల్లీ ఎక్స్‌క్లూజివ్’ అను మాటకుఁ దెలుఁగు గణితగ్రంథములు ‘పరస్పర వివర్జిత’ మని పేరిడినవి. వివర్జిత మనునది క్తాంతము. విడువఁబడినది యని యర్థము. ఆంగ్లపదమో, లాటినున మూయుట యర్థముగాఁ గల ధాతువునుండి పుట్టి, వెలిపుచ్చునది యని కర్తృత్వమునే చెప్పును. తార్కికుల ‘వ్యావర్తక’ శబ్దమే యిందులకు దగ్గఱ.

అయినను నీ పేరు నిలుచుటకుఁ గారణము పరస్పరపదము. దృష్టాంతము: హైదరాబాదు ప్రాకారద్వారములలో నేఁడు మిగిలినవి దబీర్‌పురా, పురానాపూల్ దర్వాజాలు రెండే. (దబీరనఁగాఁ బారసీకమున లేఖకుఁడు, శబ్దచర్చకుఁ దగిన తావే.) ఒక్క పర్యాయము నగరము చొచ్చువాఁ డొక ద్వారమున వచ్చినచో రెండవది విడువఁబడును; రెండవదానిఁ బట్టినచో మొదటిది. వర్జించునదియే వర్జితమును నగుచున్నది గాన దోషము మఱుఁగుపడినది. పరస్పరమును దీసివేసినచో నది బయటఁబడును. తెలుఁగు సర్వనామములలో ‘మనము’ శ్రోతను గలుపుకొనును. ‘మేము’ వెలిపుచ్చును, ఆంగ్లేయవ్యాకర్త లిదియే ఎక్స్‌క్లూజివ్ అందురు. ఆ ‘మేము’ను వివర్జిత మనవచ్చునా? వివర్జితుఁడు శ్రోత గదా!

మఱియొకటి. ‘దబీర్‌పురా ద్వారము పురానాపూల్ ద్వారమునకుఁ బరస్పర వివర్జితము’ అని వ్రాయుట తగదు. ‘రాముఁడు కృష్ణునకుఁ బరస్పరమిత్రుఁడు’ అను వాక్య మెట్టిదో యిదియు నట్టిదే. పరస్పరమునకు రెండును గర్తలుగా నుండవలయును. ‘ఈ రెండును బరస్పర వ్యావర్తకములు’ అనుట సాధువు.