అరిస్టాటిల్ చూచిన ఊసరవెల్లి

క్రీ.పూ. 4వ శతాబ్దంలో అరిస్టాటిల్ వ్రాసిన జంతుచరిత్ర గ్రంథంలో, రెండవ భాగంలో, ఊసరవెల్లిని గూర్చి ఒక చిన్న ప్రకరణం ఉన్నది. పూర్వుల జంతుశాస్త్రమంతా కట్టుకథలే అని త్రోసివేసేవారు ముందుగా దీనిని చదవాలి.

పాదాల వర్ణన చూడండి. ప్రతి పాదమూ రెండుగా చీలి, మన బొటనవ్రేలు తక్కిన వ్రేళ్లకు ఎదురు నిలిచినట్లుంటుందన్నాడు. ముందు పాదాలలో లోపలి వైపు మూడు వ్రేళ్లు, వెలుపల రెండు; వెనుక పాదాలలో లోపల రెండు, వెలుపల మూడు. మన ఆంధ్రదేశపు తుప్పలలో తిరిగే ఊసరవెల్లిని పట్టి చూచినా ఈ లెక్క సరిపోతుంది. జంతువును చేతిలోకి తీసుకొనకుండా ఇటువంటి వాక్యం వ్రాయడం సాధ్యం కాదు. కన్నుల సంగతీ అంతే. ఒంటిమీది చర్మమే కంటిని కప్పి, నడుమ చిన్న రంధ్రం విడుస్తుందనీ, ఆ కన్ను అన్ని దిక్కులకూ తిరుగుతుందనీ వ్రాసినాడు. నెత్తుటిని గూర్చి చెప్పినవి మాత్రం నిలువవు.

ఇక రంగు. ఒళ్లు గాలితో ఉబ్బినప్పుడు రంగు మారుతుందని ఆయన మాట. తప్పే, కాని కంటితో చూచినవాడు చేసిన తప్పు. కోపించిన ఊసరవెల్లి ఒళ్లు ఉబ్బించడం, రంగు మార్చడం ఒకేసారి చేస్తుంది. ఆయన మొదటిదానిని రెండవదానికి కారణమనుకొన్నాడు. అసలు కారణం చర్మంలోనే ఉన్నది. కొన్ని కణాలలోని నల్లని రేణువులు కణమంతా వ్యాపిస్తే ఒళ్లు నల్లబడుతుంది. మడగాస్కరు ద్వీపపు ఒక జాతిపై పరిశోధించి జెనీవా విశ్వవిద్యాలయంవారు 2015లో మరొక సంగతి తేల్చినారు. వేరే కణాలలో గ్వానిన్ స్ఫటికాలు వరుసలు తీరి ఉంటాయి. అవి దగ్గరగా ఉన్నప్పుడు నీలికాంతిని త్రిప్పికొడతాయి. అది చర్మంలోని పసుపు వర్ణకంతో కలిసి ఆకుపచ్చగా కనబడుతుంది. మగది ఉద్రేకం చెందినప్పుడు స్ఫటికాల మధ్య ఎడం పెరిగి, పసుపు, నారింజ వన్నెలు పైకి వస్తాయి.

ఏ కొమ్మపై ఉంటే ఆ రంగు అన్న మాట అరిస్టాటిల్‌లో లేదు. అది క్రీ.శ. 1వ శతాబ్దపు రోమను రచయిత ప్లినీది. ఎరుపు, తెలుపు తప్ప తాకిన ప్రతి వస్తువు రంగునూ ఊసరవెల్లి పొందుతుందని ఆయన వ్రాసినాడు. నేటి పిల్లల పుస్తకాలలో కనబడేది చాలవరకు ఈ ప్లినీ ఊసరవెల్లియే. మాట నిలుపని మనిషిని మనం ఊసరవెల్లి అని తిట్టుతాం. పాపం, ఆ ప్రాణి రంగు మార్చేది ఎక్కువగా తన కోపాన్ని ఎదుటి మగదానికి దాచకుండా చూపడానికి, లేదా ఎండ వేడిమిని గ్రహించడానికి.

అరిస్టాటిల్ ప్రకరణంలో నాకు కనబడే పెద్ద లోపం వేరు. నాలుకను గూర్చి ఒక్క మాట లేదు! వ్రేళ్లు లెక్కించినవాడు, నిలువునా కోసిన తరువాత కూడా చాలాసేపు శ్వాసిస్తుందని గమనించినవాడు, అది తినగా చూచినట్లు లేదు. ఆయన విడిచిన ఆ ఖాళీని ప్లినీ గాలితో నింపినాడు: ఊసరవెల్లి తిండీ నీరూ లేక గాలి భక్షించి బ్రతుకుతుందట. ఒక మిడతను ఎదుట కొమ్మపై వదలి, కదలకుండా కూర్చుంటే చాలును. రెండు కన్నులూ ముందుకు తిరిగి ఒకే గురిపై నిలుస్తాయి, నోరు కొద్దిగా తెరచుకొంటుంది, ఒంటి పొడవును మించిన నాలుక రెప్పపాటులో పోయి వస్తుంది. కొమ్మపై మిడత ఉండదు.