ప్రెస్సులోకి కెమెరా

వికారాబాద్ అనగానే కెమెరాలన్నీ అనంతగిరి గుట్ట ఎక్కుతాయి. పొగమంచు, మలుపు తిరిగే రోడ్డు, కోటపల్లి చెరువులో పడవలు. ఆదివారం సాయంత్రానికి ఫోన్ల నిండా అవే. తాండూరు దాకా పోయే ఓపికున్నవాళ్లు నాపరాతి గనుల దగ్గర ఆగుతారు. బాగానే ఉంటాయి ఆ ఫొటోలు. కానీ సెలవు రోజున కెమెరా మెడలో వేసుకుని ఎటు పోదామని అడిగే కుర్రాళ్లకు నేను చెప్పే చోటు వేరు. మన బొంరాస్‌పేట నుంచి పరిగి పోయినా, కొడంగల్ పోయినా, తాండూరు పోయినా బస్టాండు చుట్టుపక్కల సందుల్లో ఎక్కడో ఒక ప్రెస్సు ఉంటుంది. పెండ్లి పత్రికలు, బిల్లు బుక్కులు, కరపత్రాలు, ఫ్లెక్సీలు. అక్కడికి పొమ్మంటాను.

ఫొటోగ్రఫీ పసితనంలోనే తన అచ్చుపనిని తానే ఫొటో తీసుకుంది. ఇంగ్లండ్‌లోని రీడింగ్ ఊళ్లో, విలియం హెన్రీ ఫాక్స్ టాల్బట్ కనిపెట్టిన పద్ధతిలో ఫొటోల ప్రతులు తీసే పనిశాల ఒకటి ఉండేది. దాని పెరట్లో 1846లో తీసిన చిత్రం ఇప్పటికీ ఉంది, రెండు ముక్కలుగా. ఒకాయన ఎదురుగా కూర్చున్న మనిషిని ఫొటో తీస్తుంటాడు, ఇంకొకాయన శిల్పాన్ని తీస్తుంటాడు, ఒక పక్క చట్రాలు బారులుగా ఎండకు పెట్టి ఉంటాయి. కాగితం మీద బొమ్మ దించేది ఆ ఎండే. ఆ తర్వాత ఫొటో నేరుగా పేపర్లోకి ఎక్కడానికి ముప్పై ఏళ్లు దాటింది. 1880 మార్చి 4న న్యూయార్క్ డైలీ గ్రాఫిక్ ఒక ఫొటోను నేరుగా అచ్చేసింది. అక్కణ్ణుంచి లోకం ఫొటోలను చూసింది చాలావరకు ప్రెస్సువాళ్ల పుణ్యమే. ఆ ప్రెస్సువాళ్లను ఎంతమంది ఫొటో తీశారు?

మన సంగతే చూడండి. బొంరాస్‌పేట 2016 దాకా పాలమూరు (మహబూబ్‌నగర్) జిల్లాలో ఉండేది. ఆ జిల్లా మనిషి సురవరం ప్రతాపరెడ్డి 1926లో హైదరాబాదులో గోలకొండ పత్రిక పెట్టారు. 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక తెచ్చారు. ఆ పద్యాల్లో ప్రతి అక్షరాన్నీ, ప్రతి వత్తునూ ఎవరో ఒక కంపోజిటర్ కేసు అనే గళ్ల అరలోంచి ఏరి స్టిక్కులో తిరగబడిన రూపంలో పేర్చాడు. గుణింతాలూ వత్తులూ కలిపితే తెలుగు కేసుకు వందల గళ్లు. ఏ గడి ఎక్కడుందో కన్ను చూసేలోపే చెయ్యి పోయేది. ప్రతాపరెడ్డి గారి ఫొటో ఎన్నోసార్లు చూశాను. ఆ కంపోజిటర్ల ఫొటో మాత్రం ఇంతవరకు నా కంట పడలేదు.

సీసపు అక్షరాలు ఇప్పుడు మన చిన్న ఊళ్లలో దాదాపు లేవు. ట్రెడిల్ మిషను మాత్రం కొన్ని ప్రెస్సుల్లో ఇంకా తిరుగుతోంది. అచ్చుకు తక్కువ, బిల్లు బుక్కులకు నంబర్లు కొట్టడానికి, చింపుకోవడానికి వీలుగా చిల్లుల గీత వెయ్యడానికి ఎక్కువ. తీయడానికి దానంత మంచి వస్తువు దొరకదు. పైన గుండ్రటి పళ్లెం మీద సిరా, దాన్ని తాకి కిందికి దిగే రోలర్లు, నోరు తెరిచి మూసుకునే ఇనుప పలక. కుడిచేత్తో కాగితం పెట్టాలి, ఎడమచేత్తో అచ్చయినది లాగాలి. మిషను నోరు మూసుకునేలోపు రెండు చేతులూ బయటికి రావాలి. ఈ పనిలో వేళ్లు నలిగినవాళ్లున్నారు. అందుకే ఫ్లాష్ కొట్టవద్దు. పని నడుస్తుండగా పలకరించనూ వద్దు. షట్టర్ వేగాన్ని సెకనులో పదిహేనో వంతుకు తగ్గించి గోడకు ఆనుకుని నిలబడండి. రోలర్లు మసకగా పరుగెడతాయి, పనివాడి ముఖం, భుజం నిలిచిపోతాయి. ఆ పనివాళ్ల ఒళ్లు అంత కుదురుగా ఉంటుంది, కదిలేవి చేతులే.

ట్యూబులైటు సంగతి కూడా చెప్పాలి. మన కరెంటు 50 హెర్ట్జ్, పాత ట్యూబులైటు సెకనుకు వందసార్లు మిణుకుతుంది. వేగం పెంచితే ఫొటో నిండా అడ్డచారలు పడతాయి. యాభయ్యో వంతు, వందో వంతు దగ్గర ఉంటే గొడవ లేదు. ఫోన్లో అయితే ప్రో మోడ్ తెరవాలి. ఇంకా మంచిది, లైటు ఆర్పమని అడిగి తలుపులోంచి వచ్చే పక్క వెలుతురుతో తీయడం. సీసపు టైపు గానీ జింకు బ్లాకు గానీ దొరికితే పక్క వెలుతురులోనే దాని ఎత్తుపల్లాలు తెలుస్తాయి. వెలుగు ఎంతుందో కొలవడానికి నేలను చూస్తే సరి. మన వైపు ప్రెస్సుల్లో పరిచింది తాండూరు నీలం బండే కదా, గ్రే కార్డు కొనక్కర్లేదు.

బండ అంటే గుర్తొచ్చింది. లిథోగ్రఫీ అనే రాతి అచ్చును జర్మనీలో సెనెఫెల్డర్ 1796 ప్రాంతంలో కనిపెట్టింది సున్నపురాయి మీదే. హైదరాబాదులో ఉర్దూ అచ్చు చాలాకాలం ఆ దారిలోనే నడిచింది. కాతిబ్ అనే రాతగాడు చేత్తో రాస్తే ఆ రాతే అచ్చయ్యేది. చార్మినార్ ఫొటో తీసి తిరిగొచ్చేవాళ్లు కాస్త పక్కకు నడిస్తే ఛత్తా బజార్, అంతా పెండ్లి కార్డుల ప్రెస్సులే. మన రాయి కూడా ఆ జాతిదే, కాకపోతే మనం దాని మీద నడిచాం.

ట్రెడిల్ గురించి ఇంత చెప్పాక ఒక మాట అనాలి. పాత మిషను కనబడితే ఫొటోగ్రాఫర్లకు పూనకం వస్తుంది. తుప్పు, దుమ్ము, సాలెగూడు, దాన్ని నలుపు తెలుపులో పెట్టి ‘అంతరించిన కళ’ అని పేరు. నాకు ఈ వరస నచ్చదు. అదే గదిలో, రెండడుగుల అవతల, ఫ్లెక్సీ మిషను దడదడలాడుతుంటుంది, దాన్నెవరూ తీయరు. అచ్చుపని చావలేదు, ఆ మిషను మీదికి మారిందంతే. ఒకసారి నేను ఫ్లెక్సీ మిషను ముందు కూర్చుంటే ప్రెస్సాయన నవ్వాడు. ‘ఇండ్ల ఏమున్నది సార్, ఫొటో దియ్యనీకి? పాతది గాడున్నది సూడుండ్రి’ అని మూలకు చూపించాడు.

ఫ్లెక్సీ మిషన్లో చాలా ఉంది. ప్రింట్ హెడ్డు అటూ ఇటూ పరుగెత్తినకొద్దీ బొమ్మ కొద్దికొద్దిగా కిందికి దిగుతుంది. ముందు జుట్టు, తర్వాత నుదురు, తర్వాత కళ్లు. కళ్లు వచ్చిన దగ్గర ఆగి తీయాలి. పల్లెల్లో ఎక్కువమంది ముఖం నిలువెత్తుగా కనబడేది జీవితంలో ఒక్కసారి, దశదినకర్మ ఫ్లెక్సీ మీద. ఇంట్లో ఒంటరి ఫొటో ఉండదు. ఆధార్ కార్డు తెస్తారు, లేదా ఎవరి పెండ్లిలోనో వెనక వరసలో నిలబడ్డ గ్రూపు ఫొటో తెస్తారు. ఆపరేటర్ ఆ పక్కవాళ్ల భుజాలు చెరిపేసి, నెత్తిమీది తువ్వాల మడతలు సరిచేసి, వెనక మబ్బులు పెట్టి, దండ వేస్తాడు. కొడుకు పక్కన నిలబడి ‘బాపు ఇంకింత నల్లగుంటుండె అన్నా’ అంటాడు. కంప్యూటరు తెర, దాని వెలుగు పడిన ఆ ఇద్దరి ముఖాలు, చేతిలో ఆధార్ కార్డు. ఇంతకంటే మంచి ఫ్రేము నాకైతే అనంతగిరిలో దొరకలేదు. అయితే అడగందే తీయకూడదు. చాలాసార్లు కెమెరా సంచిలోనే ఉంచాలి.

ఫ్లెక్సీ కథ దుకాణంలో ముగియదు. పని అయిపోయాక అది ఇంటికప్పు మీదికి పోతుంది, కంది కుప్ప మీదికి పోతుంది. తాండూరు కందికి 2022లో జీఐ గుర్తింపు వచ్చింది, ఆ కందులను వాన నుంచి కాచేది మాత్రం ఏ నాయకుడి పుట్టినరోజు ఫ్లెక్సీయో. ఇవన్నీ వరసగా తీస్తే ఒక కథనం అవుతుంది.

కాలం చూసుకుని వెళ్లాలి. ఆషాఢంలో, మూఢంలో ప్రెస్సు ఖాళీగా ఉంటుంది, మనిషి తీరిగ్గా మాట్లాడతాడు గానీ తీయడానికి పని ఉండదు. ముహూర్తాల ముందు పని ఉంటుంది గానీ మాట్లాడడు. ఎన్నికలప్పుడు పని తప్ప మాటా ఉండదు, నిద్ర కూడా ఉండదు. ఎన్నికల కరపత్రం మీద అచ్చేసినవాడి పేరూ చిరునామా లేకపోతే ప్రజాప్రాతినిధ్య చట్టం 127ఎ సెక్షన్ పట్టుకుంటుంది. పుస్తకాలకూ పత్రాలకూ ముద్రాపకుడి పేరు ఉండాలన్న షరతు 1867 చట్టంలో ఉండేది, ఆ చట్టం 2024లో రద్దయింది. రాసినవాడు పేరు దాచుకున్నా చెల్లిన రోజుల్లో కూడా అచ్చేసినవాడు మాత్రం బయటపడాల్సిందే. పెండ్లి పత్రిక అడుగున ముద్రాపకుడి పేరుండే ఆ చిన్న వరసను దగ్గరగా, మాక్రోలో తీయండి. ఊరూరి ప్రెస్సు పేర్లు పోగుచేస్తే జిల్లా పటమే తయారవుతుంది. బొంరాస్‌పేట పాత పత్రికల మీద మహబూబ్‌నగర్ జిల్లా అని, కొత్తవాటి మీద వికారాబాద్ జిల్లా అని ఉంటుంది.

తీసిన ఫొటోలను ప్రింటు వేయించి వాళ్లకే ఇవ్వాలి. ఫోన్లో పంపితే సరిపోదు, అచ్చు పనిచేసేవాడికి అచ్చులో ఇవ్వకపోవడం మర్యాద కాదు. ట్రెడిల్ దగ్గర నేను తీసిన ఒక ఫొటో అలాగే ఇచ్చాను. ప్రెస్సాయనకు తెగ నచ్చి, మరుసటేడు దుకాణం క్యాలెండర్ మీద వేసుకున్నాడు. రంగు కాస్త పెంచాడు, పక్కన వినాయకుడిని పెట్టాడు. ఫొటో తీసినవాడి పేరు ఎక్కడా లేదు. ముద్రాపకుడి పేరు, ఊరు, రెండు సెల్ నంబర్లు మాత్రం చట్టప్రకారం కింద ఉన్నాయి.