నాజర్ బుర్రకథ - వంత చెప్పిన రాజకీయం

నాచారం పారిశ్రామికవాడ దగ్గర ఒక బడి వార్షికోత్సవంలో పిల్లలు అల్లూరి సీతారామరాజు బుర్రకథ చెప్పారు. తలపాగాలు, గజ్జెలు, తంబురా, డక్కీలు అన్నీ ఉన్నాయి. హాస్యం వంత బాగానే నవ్వించాడు. రాజకీయం చెప్పవలసిన వంత మాత్రం తందాన అనడం తప్ప నోరు విప్పలేదు. చూస్తున్నవాళ్లలో చాలామంది షిఫ్టు దిగి వచ్చిన తల్లిదండ్రులు. వాళ్ల బతుకును గురించి అందులో ఒక్క మాటా లేదు. ఆ కథను కుదించి రాసిచ్చినవాణ్ణి నేనే. ఈ వ్యాసానికి కారణం ఆ తప్పే.

షేక్ నాజర్ (1920-1997) గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పేద దూదేకుల కుటుంబంలో పుట్టారు. సంగీతం నేర్చారు, నాటకాల్లో వేషాలు వేశారు, ప్రజానాట్యమండలిలో చేరి ఊరూరా తిరిగారు. తందాన కథను ఆయన కనిపెట్టలేదు. అది అంతకుముందే జంగాల నోట ఉంది. ఆ కథాగానంలోకి రంగస్థల అభినయాన్నీ, సంగీత జ్ఞానాన్నీ తెచ్చారాయన. అంతకన్నా ముఖ్యం, పల్నాటి యుద్ధం, బొబ్బిలి యుద్ధం చెప్పిన గొంతుతోనే బెంగాల్ కరువునూ చెప్పారు. 1943లో లక్షలాది మందిని బలిగొన్న ఆకలి వీరగాథల సరసన కథావస్తువైంది.

రూపాన్ని కాస్త విడదీసి చూద్దాం. కథకుడు శ్రోతను గతంలోకి తీసుకుపోతాడు. ఒక వంత నవ్వించి అలసట తీరుస్తాడు. రెండో వంత కథను ఆపి, నేటి సంగతేమిటని అడుగుతాడు. బొబ్బిలి, పల్నాడు కథలు మౌలికంగా దొరల పౌరుషం కథలు. ఆ ప్రశ్న లేకపోతే అవి దొరల కీర్తనలుగానే మిగులుతాయి. వంత అడ్డుపడినప్పుడే శ్రోత వీరుణ్ణి మెచ్చుకుంటూనే తన ఊరి దొర వైపు తిరిగి చూస్తాడు. అందుకే నాటి ప్రభుత్వం ప్రజానాట్యమండలి ప్రదర్శనలను నిషేధించింది. తరువాతి ప్రభుత్వాలు కుటుంబ నియంత్రణ ప్రచారానికి అదే బుర్రకథను పిలిచి పెద్దపీట వేశాయి. రూపం అదే, వంత నోట మాట మారింది.

ఇది మన ఒక్కరి అనుభవం కాదు. 1880లలో జపాన్‌లో ప్రజాహక్కుల ఉద్యమంపై ఆంక్షలు వచ్చినప్పుడు ఉపన్యాసాన్ని పాటగా కట్టి వీధుల్లో పాడారు. 'ఎన్కా' మొదట ఆ ఉపన్యాస గీతమే. సోయెదా అజెంబో (1872-1944) అలా పాడుతూ పాటల కాగితాలు అమ్ముకుని బతికాడు. యుద్ధానంతరం ఆ పేరు ఎడబాటు పాటలకు, సొంతూరి బెంగ పాటలకు స్థిరపడింది. మిసొరా హిబారి వాటిని అద్భుతంగా పాడింది. 1989లో ఆమె మరణించినప్పుడు ప్రభుత్వం ప్రజాగౌరవ పురస్కారం ప్రకటించింది. ఆమె గొంతును తక్కువ చేయనవసరం లేదు. కానీ వీధిలోని ఉపన్యాసం ఎక్కడికి పోయిందని అడగాలి కదా!

నాజర్‌కు 1986లో పద్మశ్రీ వచ్చింది. 'బుర్రకథ పితామహుడ'న్నాం. పితామహుణ్ణి చేస్తే దండ వేసి నమస్కరించవచ్చు, మాట వినకపోయినా చెల్లుతుంది. ఆయన ఆత్మకథ పేరు 'పింజారి'. జనం తిట్టుగా వాడే కులం పేరునే ఆయన పుస్తకానికి తలకట్టుగా పెట్టారు. బిరుదులకన్నా ఆ పేరే ఆయన్ను సరిగ్గా చెబుతుంది.

కళ బతకడమే గొప్ప, బడి వేదికైనా మిగిలిందిగా అంటారు కొందరు మిత్రులు. వేషం మిగిలిందన్నది నిజమే. వేదిక మీద ఆశువుగా పుట్టే వంత మాట అచ్చుపుస్తకంలో దొరకదు. ఎప్పటికప్పుడు కొత్తగా పుట్టించుకోవలసిందే.

వచ్చే ఏడాది ఆ మాటలు నేను రాయను. పిల్లల్నే రాయమంటాను. ఉప్పల్ రింగ్ రోడ్డులో తెల్లవారుజామున బస్సు కోసం నిలబడే అమ్మ సంగతి నాకన్నా వాళ్లకే బాగా తెలుసు.