ఊరూ నీరూ: రెండు పుస్తకాలకు ఒక ముందుమాట

మా ఊరి ఆడబిడ్డ రెండు చిన్న పుస్తకాలు రాసింది. ఒకటి సిద్దిపేట చిత్రకారుడు కాపు రాజయ్య గారి జీవితం. రెండోది ఇంట్లో గాజుతొట్టెలో పెంచే చేపలు జబ్బు పడకుండా చూసుకునే పద్ధతి. రెండింటినీ జతగా అచ్చువేస్తున్నానని, ముందుమాట కూడా రెండింటికీ కలిపి ఒకటే కావాలని అడిగింది. జంతుశాస్త్రం చదువుకుంది. చిన్ననాటి నుంచీ బొమ్మలు వేస్తోంది. అందుకే ఈ రెండు సంగతుల మీదా రాసే అర్హత ఆమెకుంది.

ఈ రెంటినీ ఎందుకు కలిపిందో చదివితే తెలుస్తుంది. చేప బాగుండాలంటే ముందు నీళ్లు బాగుండాలని రెండో పుస్తకం చెబుతుంది. బొమ్మ బతకాలంటే ముందు ఊరు బాగుండాలని మొదటి పుస్తకం చెబుతుంది. చేపకు నీళ్లెట్లాగో కళాకారుడికి ఊరు అట్లాగని రచయిత్రి ఎక్కడా పైకి అనలేదు గానీ, పేజీ పేజీలో ఆ మాటే వినిపిస్తుంది. బతుకంతా బడిపిల్లలకు బొమ్మలు నేర్పినవాడిగా అది నిజమని నేను సాక్ష్యం చెప్పగలను.

రాజయ్య గారు 1925 ఏప్రిల్ 7న సిద్దిపేటలో పుట్టారు. 2012 ఆగస్టులో కన్నుమూశారు. నిజాం రాజ్యంలో పెరిగి, 1948లో హైదరాబాద్ సంస్థానం దేశంలో కలిసేనాటికి ఇరవై మూడేళ్ల యువకుడయ్యారు. హైదరాబాద్‌లో చిత్రకళ నేర్చుకొని మళ్లీ సిద్దిపేటకే వచ్చారు. ఆ రాకనే రచయిత్రి ఈ జీవితకథకు వెన్నెముకగా నిలబెట్టింది. అది సరైన ఎంపిక. ఆ రోజుల్లో బొమ్మ మీద మనసున్న తెలంగాణ యువకులకు బొంబాయి, బరోడా, ఢిల్లీ కనిపించేవి. కరీంనగర్ వైపు నుంచి పి.టి.రెడ్డి గారు బొంబాయి వెళ్లి చదువుకున్నారు. మన పాత మెదక్ జిల్లా నిజాంపూర్‌లో 1940లో పుట్టిన లక్ష్మాగౌడ్ గారు బరోడాలో కె.జి.సుబ్రహ్మణ్యన్ దగ్గర నేర్చుకొని, అక్కడ పట్టుబడిన విద్యతో మన పల్లెల మనుషులనే గీశారు. వెళ్లినవాళ్లను ఈ పుస్తకం ఎక్కడా చిన్నబుచ్చదు. ఊరిని గుండెలో పెట్టుకొని వెళ్లవచ్చు, ఊళ్లోనే ఉండి ప్రపంచాన్ని పిలవవచ్చు అంటుంది. రాజయ్య గారిది రెండో దారి.

ఆ దారికి మూలం నకాషీ బొమ్మల్లో ఉంది. ఈ పుస్తకంలో నాకు బాగా నచ్చిన అధ్యాయం అదే. చేర్యాలలో నకాషీలు అనే చిత్రకారులు కథ చెప్పే పటం తయారుచేసే తీరును రచయిత్రి ఓపికగా వివరించింది. ఖద్దరు బట్టకు గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి, బంక కలిపి పూతలు పూయాలి. ఆరాక నునుపు చేయాలి. ఆ తరువాతే ఎర్రటి నేపథ్యం మీద బొమ్మలు నిలుస్తాయి. కథ అరలు అరలుగా పైనుంచి కిందికి సాగుతుంది. పటం ఒక్కటే ఉంటే కథ నడవదు. చెప్పేవాళ్లు కావాలి, వినే కులం కావాలి. పద్మశాలీల కోసం కూనపులివాళ్లు మార్కండేయ పురాణం చెప్పేవారు. మా ఊళ్ల చెరువుల్లో తరతరాలుగా వలలు వేస్తున్న ముదిరాజుల కోసం కాకిపడగలవాళ్లు పటం విప్పి పాండవుల కథ చెప్పేవారు. చేపలు పట్టే చేతులకూ బొమ్మలు గీసే చేతులకూ మధ్య ఇంత పాత చుట్టరికం ఉన్న నేలలో ఈ రెండు పుస్తకాలు జంటగా పుట్టడం నాకెంతో సంతోషం కలిగించింది.

నకాషీ పటం నుంచి రాజయ్య గారు తీసుకున్నది రంగు, గీత. మార్చింది పాత్రలను. బోనమెత్తిన ఆడవాళ్లు, బతుకమ్మ చుట్టూ తిరిగే అమ్మలు, ఎల్లమ్మ జోగి, రాళ్లు కొట్టే వడ్డెర స్త్రీలు ఆయన బొమ్మల్లో నిండుగా నిలబడ్డారు. వీళ్లంతా ఒకప్పుడు పటం ముందు నేలమీద కూర్చొని కథ విన్నవాళ్లు. ఆయన చేతిలో వాళ్లే పటంలోకి వచ్చారు. తెలంగాణ చిత్రకళలో ఇది చిన్న మార్పు కాదు. శ్రమచేసే మనిషి ఒంటి వంపును, పండుగనాటి చీర రంగును దేవతా విగ్రహానికిచ్చే గౌరవంతో గీయవచ్చని ఆయన చూపించారు. మొదటి పుస్తకం ఈ సంగతిని పొగడ్తతో సరిపెట్టకుండా బొమ్మ బొమ్మనూ విప్పి చూపిస్తుంది. గీత ఎక్కడ మందంగా ఉంది, ఎక్కడ పలచబడింది, చదునైన రంగు పక్కన నగల చుక్కలు ఎందుకంత మెరుస్తాయి అని పాఠకుడి చెయ్యి పట్టుకొని చెబుతుంది.

సిద్దిపేటలో రాజయ్య గారు లలిత కళా సమితిని నిలబెట్టిన తీరు చెప్పే అధ్యాయం కూడా అంతే విలువైనది. బొమ్మలు వేసుకుంటూ పేరు తెచ్చుకోవడం ఒక పని. తన ఊళ్లో మరొకరు బొమ్మలు వేయగల పరిస్థితిని తీసుకురావడం మరో పని. కాగితం, రంగులు, కూర్చోవడానికి చోటు, వేసినదాన్ని నలుగురికీ చూపించే గోడ, తప్పు చెప్పే పెద్ద దిక్కు ఉంటేనే పల్లెటూరి పిల్లవాడి చేతిలో ఉన్న విద్య నిలుస్తుంది. లేకపోతే పదో తరగతితోనే అది ఆరిపోతుంది. అలా ఆరిపోయిన చేతులను నేను బడిలో చాలా చూశాను. అందుకే రాజయ్య గారి బొమ్మలకు పెట్టే నమస్కారం ఆ సమితికి కూడా పెడతాను.

ఇక రెండో పుస్తకం. చేపల మీద తెలుగులో వచ్చే రాతల్లో ఎక్కువ భాగం చెరువుల్లో బొచ్చె, రవ్వ, కొర్రమీను పెంచి అమ్ముకునే రైతు కోసం. ఇంట్లో పిల్లలు ముచ్చటపడి కొనుక్కొచ్చిన గోల్డ్‌ఫిష్ కోసం రాసేవాళ్లు తక్కువ. సంతోషంగా తెచ్చుకున్న చేప వారం తిరిగేలోపు నీళ్లమీద తేలితే పిల్లవాడు ఏడుస్తాడు, పెద్దవాళ్లు ‘దాని ఆయుష్షు అంతే’ అని సర్దిచెబుతారు. ఆయుష్షు అంతే కాదు. సరిగా చూసుకుంటే గోల్డ్‌ఫిష్ పది పదిహేనేళ్లు సులువుగా బతుకుతుంది. మరి వారంలో ఎందుకు పోయిందన్న ప్రశ్నకు ఈ పుస్తకం మన మెదక్ నీళ్లతోనే జవాబు చెబుతుంది.

చేప మొప్పల గుండా అమ్మోనియా వదులుతుంది. మిగిలిపోయిన మేత కుళ్లినా అదే పుడుతుంది. కొత్త తొట్టెలో దాన్ని మార్చే సూక్ష్మజీవులు ఉండవు. అవి ఫిల్టర్‌లో, అడుగు గులకరాళ్ల మీద స్థిరపడి, అమ్మోనియాను ముందు నైట్రైట్‌గా, ఆపైన అంత హాని లేని నైట్రేట్‌గా మార్చే దశకు రావడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అంతవరకు ఆగకుండా మొదటి రోజే పది చేపలు వదిలితే అవి తమ మలినంలోనే మునిగిపోతాయి. మన దగ్గర ఇంకో చిక్కు ఉంది. రాతిపొరల నుంచి వచ్చే బోరునీళ్లు చాలాచోట్ల క్షారగుణంతో ఉంటాయి. నీటి పీహెచ్ 7 నుంచి 8కి పెరిగితే అమ్మోనియాలో విషంగా పనిచేసే భాగం సుమారు పది రెట్లవుతుంది. హైదరాబాద్‌లోనో చెన్నైలోనో ఒకరికి సరిపోయిన లెక్క మన నీళ్లకు సరిపోకపోవచ్చు. నల్లా నీళ్లయితే క్లోరిన్ సంగతి చూడాలి. ఒక రోజు తెరిచిన బకెట్‌లో ఉంచితే చాలావరకు పోతుంది. తొందరుంటే సోడియం థయోసల్ఫేట్ వేయాలి. ఫిల్టర్ స్పాంజిని నల్లా కింద పెట్టి కడగకూడదు. తొట్టెలోంచి తీసిన నీళ్లలోనే పిండాలి, లేకపోతే పనిచేసే సూక్ష్మజీవులే చచ్చిపోతాయి.

ఎండాకాలం గురించి రాసిన పేజీలు మన ప్రాంతంలో ప్రతి ఇంటికీ పనికొస్తాయి. 20 డిగ్రీల నీళ్లు లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకుంటాయి. 30 డిగ్రీలకు చేరితే ఏడున్నరకు పడిపోతుంది. అదే సమయంలో వేడివల్ల చేపకు ఊపిరి ఎక్కువ కావాలి. ఏప్రిల్, మే నెలల్లో కరెంటు పోయి గాలిపంపు ఆగితే చేపలు పైకొచ్చి నోరు తెరుస్తాయి. అది ఆకలి అనుకొని మేత వేస్తే నీళ్లు ఇంకా చెడతాయి. అప్పుడు చేయాల్సింది నీళ్లను కదిలించడం, కొంత మార్చడం, మేత ఆపడం. ఇంత తేలిక మాటల్లో ఇంత అవసరమైన సంగతి చెప్పడం మెచ్చుకోదగ్గది.

తెల్లమచ్చల జబ్బు మీద రాసింది మరీ బాగుంది. ఇక్తియోఫ్తిరియస్ అనే పరాన్నజీవి చేప చర్మం కింద దాగి పెరుగుతుంది. అక్కడున్నప్పుడు మందు దానికి తగలదు. పెరిగాక రాలి అడుగున తిత్తి కట్టుకొని వందల పిల్లలుగా చీలుతుంది. ఆ పిల్లలు కొత్త చేపను వెతుక్కుంటూ ఈదేటప్పుడే మందు వాటిని చంపగలదు. అందుకని మచ్చలు పోయాయని మందు ఆపేసినవాళ్ల తొట్టెలో జబ్బు మళ్లీ వస్తుంది. మచ్చలు పోయాక కూడా కొన్నాళ్లు వైద్యం సాగాలి. కొత్తగా కొన్న చేపను రెండు మూడు వారాలు వేరే తొట్టెలో ఉంచి చూశాకే పాతవాటితో కలపాలి. ప్రతి నియమానికీ కారణం చెప్పడం ఈ రచయిత్రి పద్ధతి. కారణం తెలిసినవాడు నియమాన్ని మరచిపోడు.

రెండు పుస్తకాలు కలిసే చోటు ఒకటి చెబుతాను. ఫ్రాన్స్ చిత్రకారుడు మతీస్ 1912లో గాజుపాత్రలో ఎర్ర చేపలను గీశాడు. ఆ చిత్రం ఇప్పుడు మాస్కోలోని పుష్కిన్ మ్యూజియంలో ఉంది. చుట్టూ పచ్చదనం, మధ్యలో నిప్పు రంగు. చూసేవాడి మనసు తేటపడుతుంది. రచయిత్రి దాన్ని ప్రేమగా వర్ణించి, ఆ వెంటనే అలాంటి చిన్నపాత్ర చేపకు చాలదని కూడా రాసింది. నీళ్లు తక్కువైనకొద్దీ మలినం త్వరగా చిక్కబడుతుంది, వేడి త్వరగా ఎక్కుతుంది. కళను ఆరాధిస్తూనే ప్రాణి కష్టాన్ని చూడగలగడం పెద్ద గుణం. రాజయ్య గారి పుస్తకంలోనూ ఇదే గుణం ఉంది. వడ్డెర స్త్రీ బొమ్మలోని అందాన్ని చెప్పిన పేజీలోనే ఆ చేతులు మోసిన రాళ్ల బరువును కూడా రచయిత్రి చెప్పింది. అందాన్ని చూసే కన్నే అక్కరనూ చూడాలి. ఈ రెండు పుస్తకాల నుంచి నేను నేర్చుకున్నది ఇదే, పిల్లలు నేర్చుకోవాలని కోరుకునేదీ ఇదే.

చేపలు పెంచేవాళ్లందరికీ రెండో పుస్తకం చేసిన ఒక హెచ్చరికను నేనూ గట్టిగా చెబుతున్నాను. తొట్టెలో పెరిగి పెద్దదైపోయిన చేపను పుణ్యమనుకొని చెరువులో వదలకండి. అద్దం నాకుతుంది కదా అని తెచ్చుకునే సక్కర్ చేప అడుగున్నర దాకా పెరుగుతుంది. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన ఆ జాతి ఇప్పుడు తెలుగు నేల మీద చెరువుల్లో, వాగుల్లో పడి దెయ్యం చేప అనిపించుకుంటోంది. దాని గట్టి ముళ్లకు వలలు చిరుగుతున్నాయి. మన చేపల మేత అది తింటోంది. ఒక ఇంటి సరదా ముదిరాజు, గంగపుత్రుల ఇళ్ల బువ్వ మీద దెబ్బ కాకూడదు.

మళ్లీ రాజయ్య గారి సంగతికొస్తే, మా ఊరు నిజాంపేట రామాయంపేట నుంచి సిద్దిపేట పోయే దారిలో ఉంది. 2016 అక్టోబరు 11న జిల్లాలు విడిపోయి సిద్దిపేట వేరే జిల్లా అయింది, మేం మెదక్‌లో ఉన్నాం. కాగితం మీద గీత పడింది గానీ రాజయ్య గారు మాకు ఇవాళ్టికీ మా వారే. ఆయన గీసిన బోనాలు మా వీధిలో ఎత్తుకునే బోనాలే. మొదటి పుస్తకం ఆ సంగతిని ఇక్కడి పిల్లలకు తెలియజేస్తుంది.

రచయిత్రికి నాదొక కోరిక. ప్రపంచమంతా తొట్టెల్లో పెంచే జీబ్రా చేప మన దేశపు వాగుల్లో, వరిపొలాల్లో పుట్టినదే. శాస్త్రవేత్తలు ప్రయోగశాలల్లో జబ్బుల పరిశోధనకు వాడేదీ దాన్నే. మన చెరువుల్లోని పరకలు, చిన్న జాతులు తొట్టెలో ఎలా ఉంటాయో, వాటి రంగులు ఎలా ఉంటాయో బొమ్మలతో సహా మూడో పుస్తకం రాయాలి. బొమ్మలు కూడా ఆమే వేయాలి. ఆ పని చేయగల చెయ్యి, చేయగల చదువు రెండూ ఆమెకున్నాయి.

ఉపాధ్యాయులకూ ఒక మాట. ఈ రెండు పుస్తకాలను బడి లైబ్రరీ బీరువాలో పెట్టి తాళం వేయకండి. ఒకటి డ్రాయింగు పీరియడ్‌లో, ఒకటి సైన్సు పీరియడ్‌లో పిల్లల చేతికివ్వండి. బడిలో ఒక తొట్టె పెట్టి, నీళ్లు మార్చే వంతు వాళ్లకే అప్పగించండి. పక్కనే ఒక గోడ వాళ్ల బొమ్మలకు వదలండి. ఆ తొట్టెనూ ఆ గోడనూ చూసుకునే పని నేర్చిన పిల్లలు రేపు తమ చెరువును, తమ ఊరిని కూడా చూసుకుంటారు.

ఈ బిడ్డ కలం ఆగకుండా సాగాలని, ఈ పుస్తకాలు తెలుగు ఇళ్లలో చేతులు మారుతూ నలగాలని మనసారా దీవిస్తున్నాను.

ఆశీస్సులతో,
ఒక పాత డ్రాయింగు సారు
నిజాంపేట, మెదక్ జిల్లా