ఆరున్నర బస్సు రాలేదు

పదో తరగతి తెలుగు ప్రశ్నపత్రంలో సృజనాత్మకత అని ఒక విభాగం ఉంది. లేఖ, కరపత్రం, సంభాషణ, అభినందన వ్యాసం, ఆత్మకథ, ఇంటర్వ్యూకి ప్రశ్నలు, నినాదాలు... ఏదైనా అడగవచ్చు. పదిహేనేళ్ల పిల్లకి ఇన్ని రకాల రాతలు అలవాటు చెయ్యాలని అనుకున్నవారెవరో గాని మంచి ఆలోచనే చేశారు. తీరా జవాబులు దిద్దడానికి కూర్చుంటే అన్నీ ఒకే గొంతుతో మాట్లాడతాయి. మిత్రుడికి రాసిన లేఖ, ఊరివాళ్లకి పంచే కరపత్రం, ఇద్దరు నేస్తాల సంభాషణ... మూడూ ఒక్కరే రాసినట్టుంటాయి. ఆ ఒక్కరూ గైడు రాసినాయన.

మిత్రుడికి రాసే లేఖ చూడండి. క్షేమ సమాచారం రెండు ముక్కల్లో తేల్చేసి, వెంటనే 'నేటి ఆధునిక సమాజంలో పర్యావరణ పరిరక్షణ ఎంతటి ఆవశ్యకమో నీకు తెలియనిది కాదు' అంటాడు మావాడు. ఆ మిత్రుడు పక్క బెంచీలోనే ఉంటాడు. ఇంటర్వెల్లో వాడి భుజం మీద చెయ్యేసి వీడేం మాట్లాడతాడో వరండాలో నిలబడి వింటూనే ఉంటాను. అందులో ఆవశ్యకత ఎప్పుడూ వినబడలేదు.

పిల్లలకి శైలులు రావనుకోవడం మన భ్రమ. హెడ్మాస్టారి దగ్గర సెలవు అడిగేటప్పుడు ఒకలా, మామ్మ దగ్గర పది రూపాయలు గుంజేటప్పుడు ఒకలా, కండక్టరుతో చిల్లర కోసం తగువాడేటప్పుడు ఇంకోలా మాట్లాడతారు. ఎవరితో ఎలా మొదలెట్టాలో, ఎక్కడ తగ్గాలో వాళ్లకి ఎవరూ నేర్పలేదు. పెన్ను పట్టుకునేసరికి ఆ నేర్పంతా ఎటు పోతుందో! తెలుగు మాస్టారిగా నా పని దాన్ని కాగితం మీదికి రానివ్వడం. వచ్చాక కాస్త కత్తిరించడం.

మా విజయనగరం వైపు పల్లెల నుంచి వచ్చే పిల్లలు సాయంత్రం స్టడీ అవర్ అయ్యాక ఆరున్నర బస్సుకి ఇళ్లకి వెళతారు. ఆ బస్సు ఒక్కోరోజు రాదు. రానినాడు ఆడపిల్లలు గుంపుగా చీకట్లో నడుస్తారు. రెండుసార్లు అలా జరిగితే ఇంట్లో స్టడీ అవర్ మాన్పించేస్తారు. ఇంతకన్నా మంచి వ్యాసాంశం ఏ గైడులో దొరుకుతుంది? ఈ ఒక్క సంగతినే డిపో మేనేజరుకి అర్జీగా, పత్రికకి వార్తగా, ఊరివాళ్లకి కరపత్రంగా, మామ్మకి కబురుగా రాయమంటాను.

మొదట అర్జీ. ఎక్కువమంది 'రవాణా వ్యవస్థ దేశ ప్రగతికి వెన్నెముక' అని ఎత్తుకుంటారు. డిపో మేనేజరుకి ఆ సంగతి తెలుసు కదరా అంటే నవ్వుతారు. ఆయనకి తెలియనిది ఏమిటి? ఏ తేదీల్లో రాలేదు, ఏ స్టాపులో ఎంతమంది ఎదురుచూశారు, ఆ తర్వాతి బస్సు ఎన్నింటికి, మీరు కోరేది ఏమిటి. ఇవి రాసుకున్నాక మిగిలిన వెన్నెముకలన్నీ వాళ్లే కొట్టేస్తారు. చివరికి అర్జీ అరపేజీకి దిగుతుంది. ఇంత చిన్నదైతే మార్కులు వేస్తారా సార్ అని దిగులుపడే పిల్ల ప్రతి ఏడూ ఒకతె ఉంటుంది. ఆ దిగులు అబద్ధమని చెప్పలేను.

వార్తలో తిప్పలు వేరు. 'నేను', 'మేము' పనికిరావు, కోపం పనికిరాదు. 'దున్నపోతు మీద వానలా అధికారులు' అని రాసినవాణ్ణి ఆ అధికారిని అడిగావా అంటాను. అడగలేదంటాడు. అడక్కుండా రాసింది కరపత్రంలో చెల్లుతుందేమో గాని వార్తలో చెల్లదు. కరపత్రం గురించి పెద్దగా చెప్పక్కర్లేదు. ఎన్నికల పుణ్యమా అని ఆ విద్య అందరికీ వచ్చు.

మామ్మకి చెప్పే కబురు దగ్గర తరగతి ఒక్కసారిగా బిగుసుకుపోతుంది. ఇంట్లో మాట రాస్తే మాస్టారు తిడతారేమోనన్న భయం ఏళ్లుగా పేరుకున్నది. 'బస్సు రానేదు మామ్మా, సీకట్లో నడిసొచ్చినాం' అని ఒక పిల్ల రాసి, చదవమంటే సిగ్గుపడింది. నాకు ఆ వాక్యంలో దిద్దడానికి ఏమీ కనిపించలేదు. బస్సు రాకపోవడం వల్ల జరిగిన నష్టం అర్జీలో లెక్కగా ఉంటే, ఇక్కడ మనిషిగా ఉంది.

రాసేముందు వినిపిస్తాను కూడా. కొడవటిగంటి కుటుంబరావు కథలో ఒక పేజీ చదివితే ఆడంబరం లేని వాక్యం ఎంత బరువు మోయగలదో తెలుస్తుంది. రావిశాస్త్రి 'ఆరు సారా కథలు'లో ఉపమానం మీద ఉపమానం పడుతుంటే పిల్లలు పగలబడి నవ్వుతారు. సంభాషణ ఎలా నడవాలో శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రిని మించి చెప్పగలవారు నాకు తెలియదు. నామిని 'పచ్చనాకు సాక్షిగా'లో చిత్తూరు మాట విన్నాక, మన మాట కూడా అచ్చులో పడొచ్చన్నమాట అనే ధైర్యం మావాళ్లకి వస్తుంది. చిన్నయసూరి 'నీతిచంద్రిక' కూడా వదలను. 1853 నాటి ఆ వచనానికి ఒక నడక ఉంది. అలాంటి వాక్యం కట్టమంటే క్రికెట్ మ్యాచి మీద కట్టి తెచ్చారు. నాకు చాలా నచ్చింది. గ్రాంథికం మీద నాకు పగ లేదు. ఏ శైలీ కాని గైడు తెలుగు మీదే నా పగ.

ఈ తగువు కొత్తది కాదు. బడిపిల్లలు పరీక్షలో ఏ తెలుగు రాయాలన్న ప్రశ్న మీదే నూరేళ్ల కిందట పండితులు రెండు వర్గాలయ్యారు. రాసే తెలుగు, మాట్లాడే తెలుగు ఇంత వేరుగా ఎందుకున్నాయని 1907 ప్రాంతంలో స్కూళ్ల ఇన్‌స్పెక్టరు జె.ఏ. యేట్సు అడిగిన ప్రశ్న గిడుగు రామమూర్తిని, గురజాడను కదిలించింది. 1911లో పుట్టిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు గ్రాంథికం పక్షాన నిలిచింది. 1914లో గురజాడ మద్రాసు విశ్వవిద్యాలయానికి అసమ్మతి పత్రం రాశారు. అది నవలల గురించీ పద్యాల గురించీ కాదు, విద్యార్థులు రాసే వ్యాసాల గురించి. వ్యవహార భాష గెలిచిందని ఆగస్టు 29న, గిడుగు పుట్టినరోజున, ఏటా సభ పెట్టుకుంటాం. గెలిచిన మాట నిజమే. కాని అరసున్నలూ బండిరాలూ పోయి వాటి స్థానంలో 'ఆవశ్యకత', 'ప్రాముఖ్యతను సంతరించుకుంది' వచ్చి కూర్చున్నాయి. ఎవరూ మాట్లాడని భాషనే పిల్ల ఇవాళా బట్టీ పడుతోంది.

ఇందులో పిల్లల తప్పు లేదు. లేఖకి స్థలం, తేదీ, సంబోధన, సంతకం, చిరునామా ఉంటే మార్కులు పడతాయి. మధ్యలో ఎవరితో మాట్లాడుతున్నావన్నదానికి పడవు. రోజుకి కట్టలకొద్దీ పేపర్లు దిద్దే మనిషికి తేదీ ఉందో లేదో చూడటం సులువు, గొంతు వినడం కష్టం. అదీ నాకు తెలుసు.

అందుకని ఈ ఏడు స్పాట్ వాల్యుయేషన్‌కి వెళ్లే తెలుగు మాస్టార్లకి, టీచర్లకి ఒక మనవి. మామ్మతో సంభాషణలో 'నడిసొచ్చినాం' అని కనిపిస్తే ఎర్రగీత పెట్టకండి, నిండు మార్కులు వెయ్యండి. అదే మాట డిపో మేనేజరుకి రాసిన అర్జీలో కనిపిస్తే మాత్రం మొహమాటపడకుండా ఒక మార్కు తగ్గించండి.