లక్ష్మీపతి కోడి

కోట శ్రీనివాసరావు గారు పోయిన రోజు, 2025 జులైలో, మా ఇంటి వాట్సాప్ గ్రూపులోకి ఒకే క్లిప్పు మూడుసార్లు వచ్చింది. ఏ క్లిప్పో మీరు ఊహించే ఉంటారు. 'అహ నా పెళ్ళంట'లో లక్ష్మీపతి కోడిని తాడుకి వేలాడదీసి, దాన్నే చూసుకుంటూ వట్టి అన్నం తినే సీను. బాబాయి నవ్వే బొమ్మలు వరసగా పెట్టాడు. అత్త "ఇప్పటికీ అంతే నవ్వొస్తుంది" అని రాసింది. అమ్మ మాత్రం ఏమీ పెట్టలేదు.

అమ్మ సంగతి తర్వాత చెప్తాను. ముందు సీను సంగతి.

1987లో వచ్చిన ఈ సినిమాని మనం పిసినారి మీద జోకుల మూటలాగా గుర్తుపెట్టుకున్నాం. ఆదివిష్ణు నవల ఆధారంగా జంధ్యాల తీశాడు. జోకులన్నీ నాకు ముందే కంఠతా వచ్చు కాబట్టి ఈసారి కోట మొహమే చూస్తూ కూర్చున్నాను. ఆ మనిషి బాధపడుతూ తినడు, కూర లేదే అని తినడు. కోడి వైపు చూసుకుంటూ ముద్ద ముద్దా తృప్తిగా తింటాడు. మొలియేర్ 1668లో రాసిన పిసినారి నాటకంలో హార్పగాన్ తోటలో పాతిపెట్టిన డబ్బుపెట్టె పోతే పిచ్చెత్తినట్టు గోలపెడతాడు. అతన్ని నడిపేది భయం. లక్ష్మీపతిని నడిపేది రుచి. ఖర్చు పెట్టకపోవడంలో ఉన్న సుఖాన్ని ఇంత రుచిగా చూపించిన నటుడు తెలుగులో ఇంకొకరు నాకు తగల్లేదు.

డబ్బు మిగల్చడం అంటే త్యాగం, ఖర్చు అంటే సుఖం అనేది మనకి అలవాటైన లెక్క. రెండిటికీ సమతూకం ఎలా కుదుర్చుకోవాలో రీల్స్‌లో చెప్పేవాళ్ళకి కొదవ లేదు. ఆ కోడి ఈ లెక్కనే చెడగొడుతుంది. వండేస్తే అది ఒక్క పూట కూర. వండనంత సేపూ అది రేపటి పులుసు, ఎల్లుండి వేపుడు, ఆదివారం బిర్యానీ, అన్నీ. (కుళ్ళిపోదా అని అడక్కండి, జంధ్యాల సినిమా.) ఖాతాలో మిగిలిన పదివేలూ అంతే. ఖర్చు పెట్టేదాకా అది ఫోనూ అవుతుంది, గోవా టికెట్టూ అవుతుంది. కొన్నాక ఫోను ఒట్టి ఫోనే. దాచుకున్నవాడు ఊహల్లో బోలెడు ఖర్చు చేస్తూనే ఉంటాడు.

మరి అతన్ని చూసి నవ్వడం న్యాయమేనా? చాలావరకు న్యాయమే, కానీ కోడి వల్ల కాదు, అరగుండు వల్ల. బ్రహ్మానందం చాటుగా తిట్టే ఆ తిట్లు మనకి ఒట్టి కామెడీ ట్రాక్. కానీ అవి ఇంకొకరి పొదుపుకి తన కడుపు మాడ్చుకుంటున్నవాడి తిట్లు. లక్ష్మీపతి తన కోడిని తను చూసుకుంటూ తిన్నంత కాలం అతని గొడవ అతనిది. ఇంట్లో అందరి విస్తళ్ళలోంచీ మిగల్చడం మొదలెట్టాక అది పొదుపు కాదు, వసూలు.

సినిమా నాకు నచ్చకుండా పోయేది ఇంకో చోట. మామని మెప్పించడానికి హీరో అంతకంటే పెద్ద పిసినారి వేషం కడతాడు. అతను డబ్బున్న తండ్రి కొడుకు. ఆకలి అతనికి వేషం, విప్పేసి ఇంటికెళ్ళచ్చు. పిసినారికి బుద్ధి చెప్పడానికి రూపాయి లెక్కపెట్టాల్సిన అవసరం ఎప్పుడూ రానివాడినే ఎందుకు పంపాలి? నిజంగా లెక్కపెట్టుకుని బతికేవాళ్ళు హాల్లో నేల టికెట్లో కూర్చుని నవ్వుతున్నారు. వాళ్ళు తెరమీదకి రారు.

వీళ్ళిద్దరికీ పూర్వీకులు 'కన్యాశుల్కం'లో ఉన్నారు. పేరులోనే లోభం ఉన్న లుబ్ధావధాన్లు ఒకడు, గిరీశం ఒకడు. ముసలాయన సుబ్బిని 1,800 రూపాయలకి ఖాయం చేసుకుని, అంతకంటే చవగ్గా ఇంకో పిల్ల దొరికిందని అటు తిరుగుతాడు. పెళ్ళికూతురు తీరా మగపిల్లాడు. డిస్కౌంటు చూసి కొన్న ప్రతివాళ్ళకీ ఆ ముసలాయన ఏదో వరసకి చుట్టమే. గిరీశం దీనికి పూర్తిగా ఎదురు. మధురవాణితో ఫోటో దిగుతాడు, ఫోటోగ్రాఫరు మనిషి బాకీ కోసం వెంటపడితే ఇంగ్లీషు కలిపి మాటలతో నెట్టుకొస్తాడు. అతని కులాసా వెనక పూటకూళ్ళమ్మ డబ్బుంది. ఆవిడ చీపురు పట్టుకుని వస్తే మంచం కింద దూరతాడు. 1897లో అచ్చయిన నాటకం ఇది. ఇప్పుడు కొను, తర్వాత కట్టు అనే యాప్‌ని గురజాడకి చూపిస్తే వెంటనే గుర్తుపట్టేవాడు.

చిన్నప్పుడు ఈ నాటకంలో ఒకడు పీనాసి, ఒకడు దుబారా అని చదువుకున్నాం, పరీక్షలో అలాగే రాశాం. ఇప్పుడు చూస్తే ఇద్దరిదీ ఒకటే పద్ధతి. సుఖం తనది, బిల్లు ఇంకొకరిది. ఒకడి బిల్లు పసిపిల్ల మీద, ఇంకొకడిది పూటకూళ్ళమ్మ మీద పడుతుంది. పొదుపా ఖర్చా అని కాకుండా, ఇది ఎవరి విస్తరిలోంచి వచ్చింది అని అడిగితే ఈ రెండు పాత్రలూ పక్కపక్కన వచ్చి కూర్చుంటాయి.

తెలుగులో దాచడం అంటే పొదుపు చెయ్యడం, కనపడకుండా పెట్టడం కూడా. రెండూ ఒకే మాట ఎందుకయ్యాయో మా ఇంట్లో పోపులపెట్టెకి తెలుసు. మా నాన్న నలుగురికీ కాఫీలు ఇప్పించే మనిషి. జేబులో ఉంటే హోటల్లో అందరి బిల్లూ ఆయనదే. ఊళ్ళో చాలా మంచిపేరు. ఆ మంచిపేరుకి సరిపడా అమ్మ ఆవాల కింద నోట్లు దాచేది. ఆదివారం కోడి వండితే ముక్కలు మా ముగ్గురికీ వేసి, "నాకు పులుసంటేనే ఇష్టం" అని అన్నంలో పులుసు కలుపుకుని మా కంచాల వైపు చూస్తూ తినేది. ఎన్నో ఏళ్ళు నేనది నిజమే అనుకున్నాను. బాబాయి క్లిప్పు కింద అమ్మ నవ్వలేదని చెప్పాను కదా.

ఇప్పుడు డబ్బుకి ఇబ్బంది లేదు. చెయ్యి మాత్రం మారలేదు. మోకాళ్ళ నొప్పికి మెత్తటి చెప్పులు కొనిచ్చాను, 2,600. ఆరొందలని చెప్పాను. అయినా అవి డబ్బాలోనే ఉన్నాయి. అప్పుడప్పుడూ తీసి, వేలితో నొక్కి చూసి, మళ్ళీ కాగితం చుట్టి పెడుతుంది. మొదట్లో కోపం వచ్చేది. కోట మొహం చూశాక అంత రావట్లేదు. ఆ నొక్కి చూసుకోవడంలో ఆవిడకి ఏదో అందుతోంది, నేను కాదనలేను. కానీ మోకాళ్ళు నొప్పెడుతూనే ఉన్నాయి, అదీ కాదనలేను. అరగుండు అక్కడా ఉన్నాడు, ఆవిడ కాళ్ళల్లో.

నేనేం తక్కువ తినలేదు. ఆర్డర్ పెట్టాక పార్శిల్ వచ్చేదాకా మ్యాప్‌లో బండి బొమ్మని చూస్తూ పొందే ఆనందం, తీరా డబ్బా విప్పాక ఉండదు. అది కూడా వేలాడదీసిన కోడే, కాకపోతే డబ్బులు కట్టి వేలాడదీసినది. కార్డు బిల్లు 5వ తారీఖున వస్తుంది. ఆ రోజు చీపురు పట్టుకుని వచ్చే పూటకూళ్ళమ్మని నేనే, మంచం కింద దూరేదీ నేనే. అమ్మ రేపటి కోసం ఇవాళ్టి అమ్మ దగ్గర తీసుకుంటుంది. నేను ఇవాళ్టి కోసం రేపటి నా దగ్గర తీసుకుంటాను. ఇద్దరం అవతలి మనిషిని అడగలేదు.

ఈ వ్యాసం రాస్తుండగా ఒక రాత్రి ఆ క్లిప్పు మళ్ళీ పెట్టుకున్నాను. అమ్మ వెనక నుంచి వచ్చి, వంగి, చివరిదాకా చూసింది.

"ఆ కోడిని తర్వాత ఎవరు తిన్నారు?" అని అడిగింది.